వెంటూ కొండ, చుట్టుపక్కల రోడ్లు: మీ ఐదు రోజుల ప్లాన్‌లో నేను మార్చేవి

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. జూన్‌లో ఆఫీసు పని మీద పారిస్ వస్తున్నారు. పని అయ్యాక ఐదు రోజులు ఖాళీ. హైదరాబాద్‌లో వారానికి రెండుసార్లు గండిపేట చుట్టూ, నెలకోసారి వికారాబాద్ వైపు అనంతగిరి దాకా తొక్కుతారు. నంది హిల్స్ ఒకసారి ఎక్కారు. అవిన్యోన్‌లో మొదలుపెట్టి రోజుకి 120 కిలోమీటర్ల లెక్కన, మొదటి రోజే దక్షిణ ఫ్రాన్సులోని మోంట్ వెంటూ అనే కొండ ఎక్కి, అక్కణ్ణుంచి ఊరూరా మకాం మారుస్తూ ఆల్ప్స్ దాకా వెళ్ళాలని ప్లాన్. ఇది అయ్యే పనేనా, ఏ రోడ్లు బావుంటాయి, గేర్లు చాలతాయా, శాకాహారికి తిండి దొరుకుతుందా, సైకిల్ తెచ్చుకోవాలా అద్దెకి తీసుకోవాలా అని అడిగారు.

నాది మదనపల్లె. పదకొండేళ్ళుగా లియోన్‌లో ఉంటున్నాను. వెంటూ చుట్టుపక్కల రోడ్లు ఏటా రెండు మూడు సార్లైనా తొక్కుతాను. రేసర్ని కాదు, పొట్ట కూడా కాస్త ఉంది. కాబట్టి నేను చెప్పే టైములు మామూలు మనుషులవి.

మీ ప్లాన్‌లో నాకు నచ్చనిది ఒక్కటే, కానీ అదే పెద్దది. వెంటూకి మీరు తేదీ పెట్టేశారు. ఆ కొండకి తేదీ మనం పెట్టేది కాదు, గాలి పెట్టేది. ఊరూరా మకాం మారుస్తూ, హోటళ్ళన్నీ ముందే బుక్ చేసుకుని వస్తే, గాలి వీచే రోజు మీరు కొండ కింద ఉంటారు, గాలి లేని రోజు ఎనభై కిలోమీటర్ల అవతల ఉంటారు. అందుకని ఆల్ప్స్ సంగతి ఈసారికి వదిలేయండి. ఒకే ఊళ్ళో మకాం పెట్టి చుట్టూ తిరగండి, వెంటూని ఏ రోజుకైనా జరుపుకునేలా ఉంచుకోండి.

పేరు గురించి ఒక మాట. మనం వెంటూ అని చదువుతాం గానీ, అక్కడివాళ్ళ నోట అది దాదాపు "వాంతూ" అని వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. అడవిలో పదో కిలోమీటరు దగ్గర ఆ పేరు సరిగ్గానే పెట్టారనిపించింది.

గాలి అన్నాను కదా, దాని పేరు మిస్ట్రాల్. ఒక పక్క ఆల్ప్స్, ఇంకో పక్క మాసిఫ్ సెంట్రల్ కొండలు, మధ్యలో రోన్ నది లోయ. ఉత్తరం నుంచి వచ్చే చల్లగాలి ఆ సందులో ఇరుక్కుని, గరాటులో పోసినట్టు దక్షిణానికి దూసుకొస్తుంది. మనకి గాలివాన అంటే మబ్బు పడుతుంది, ఉరుముతుంది, ముందే తెలుస్తుంది. మిస్ట్రాల్‌కి అదేం ఉండదు. ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది, ఎండ కాస్తూ ఉంటుంది, కింద ఊళ్ళో కాఫీ కప్పు మీద టిష్యూ కాగితం కదులుతుందంతే. నేను మొదటిసారి అలాగే మోసపోయాను. నీలాకాశం చూసి ఎక్కేశాను. అడవిలో ఉన్నంతసేపు చెట్లు కాచాయి. శిఖరానికి ఆరు కిలోమీటర్ల ముందు షాలే రెనార్ అనే చోట చెట్లు అయిపోతాయి. అక్కడ మలుపు తిరగ్గానే గాలి సైకిల్ని అడ్డంగా తోసి పక్క లేన్‌లో పడేసింది. కాలు కింద పెట్టి నిలబడ్డాను, ఐదు నిమిషాలు ఆలోచించాను, వెనక్కి తిరిగాను. సిగ్గేం పడలేదు. 2016లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు వాళ్ళే శిఖరం మీద గాలికి భయపడి ఆ రోజు ముగింపుని షాలే రెనార్‌కి దించేశారు. శిఖరానికి కాస్త కింద ఒక కనుమ ఉంది, దాని పేరే తుఫానుల కనుమ.

కనుమ మాట వచ్చింది కాబట్టి: ఫ్రెంచ్ మ్యాపుల్లో, బోర్డుల మీద "కొల్" అని కనిపించేది మన కనుమే. రెండు కొండల మధ్య రోడ్డు దాటే చోటు. ఆ బోర్డు దగ్గర ఫోటో దిగడం ఇక్కడ ఆనవాయితీ, అది 400 మీటర్ల బుల్లి కనుమైనా సరే.

ఇక రోజుకి 120 కిలోమీటర్లు. గండిపేట దగ్గర 120 వేరు, ఇక్కడ 120 వేరు. ఇక్కడ కిలోమీటర్లు చూడటం మానేసి, ఎన్ని మీటర్లు పైకి ఎక్కుతున్నామో చూడండి. మీలాంటి అలవాటున్న మనిషి గంటకి 600 మీటర్ల ఎత్తు ఎక్కుతారని వేసుకోండి. రోజుకి 1,200 మీటర్లంటే ఎక్కడానికే రెండు గంటలు, మిగతా దూరం దానికి అదనం. పోలిక కోసం, తిరుపతి నుంచి తిరుమలకి ఘాట్ రోడ్డు ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. బెద్వాన్ ఊరి నుంచి వెంటూ సుమారు 1,600. అంటే తిరుమల కొండని రెండుసార్లు ఎక్కి, ఇంకా కొంచెం మిగులుతుంది, అదీ మధ్యలో దిగుడు లేకుండా. నంది హిల్స్‌లో ఏడెనిమిది కిలోమీటర్ల తర్వాత కొండ అయిపోతుంది. ఇక్కడ ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గర అసలు కొండ అప్పుడే మొదలై ఉంటుంది.

మకాం ఎక్కడ? బెద్వాన్, మాలోసెన్, సో అని మూడు ఊళ్ళు, మూడింటి నుంచీ వెంటూకి రోడ్డుంది. సో ఊరి పేరు రాతలో ఉప్పుకి ఇంగ్లీషు మాటలా కనిపిస్తుంది, పలకడం మాత్రం సో. బెద్వాన్‌లో ప్రతి రెండో కొట్టూ సైకిళ్ళదే, జూన్‌లో పెళ్ళివారి సందడిలా ఉంటుంది. నా ఓటు మాలోసెన్‌కి. పెద్ద చెట్ల నీడలో ఒకే వీధి, కాస్త నిదానం, పైగా నాలుగు దిక్కులకీ మంచి రోడ్లు. ఊరి బయట గ్రోజో అనే ఊట ఉంది, వెంటూకి ఎక్కే దారి మొదట్లోనే.

పారిస్ నుంచి అవిన్యోన్‌కి టీజీవీ అనే స్పీడు రైల్లో మూడు గంటల లోపే. అక్కణ్ణుంచి కార్పాంత్రాకి లోకల్ రైలు. ఎన్నో ఏళ్ళు ప్రయాణికుల రైలు లేకుండా పడున్న ఆ లైను 2015లో మళ్ళీ మొదలుపెట్టారు. కార్పాంత్రా నుంచి మాలోసెన్ ఇరవై కిలోమీటర్ల లోపు. మొదటి రోజు ఇంతే చేయండి. సాయంత్రం అద్దె సైకిల్ తీసుకుని, సీటు ఎత్తు సరిచూసుకుని, గ్రోజో ఊట దాకా వెళ్ళి రండి. జూన్‌లో చీకటి పడేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది, తొందరేం లేదు.

రెండో రోజు దాంతెల్ ద మోంమిరాయ్. దాంతెల్ అంటే లేసు. పళ్ళ దువ్వెనలా నిలబడ్డ సున్నపురాయి గోడలు, కింద ద్రాక్ష తోటలు. మాలోసెన్ నుంచి డి90 అనే చిన్న రోడ్డు పట్టుకుని, షేన్ కనుమ (472 మీటర్లు) దాటి, సుజెట్, లాఫార్ మీదుగా బోమ్-ద-వెనీజ్‌కి దిగండి. అక్కణ్ణుంచి వాకెరాస్, జిగొందాస్, సెగురే, వేజోన్ చుట్టి తిరిగి రండి. దాదాపు 50 కిలోమీటర్లు. సుజెట్ దగ్గర ఆగి వెనక్కి చూడండి, వెంటూ మొత్తం కనిపిస్తుంది. వేజోన్ నుంచి మాలోసెన్‌కి నేరుగా వచ్చే పెద్ద రోడ్డు వద్దు, కార్లు ఎక్కువ. ఆంత్రషో మీదుగా తిరిగి రండి. ఆ రోజు మంగళవారం అయితే వేజోన్‌లో సంత, అప్పుడు ఉదయమే ముందు వేజోన్ వెళ్ళి రూటు తిరగేసి తొక్కండి. ఊవేజ్ నది మీద రోమన్ల కాలపు వంతెన ఇప్పటికీ వాడకంలో ఉంది. 1992 సెప్టెంబరులో వచ్చిన వరద ఊళ్ళో ఎంతోమంది ప్రాణాలు తీసింది గానీ ఆ వంతెన మాత్రం నిలబడింది.

మూడో రోజు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ప్రాంతంలో నాకు వెంటూ కంటే ఇష్టమైన రోడ్డు ఇదే. నెస్క్ లోయ.

మాలోసెన్ నుంచి మాదలెన్ అనే చిన్న కనుమ దాటితే బెద్వాన్. అక్కణ్ణుంచి ఫ్లాసాన్ మీదుగా విల్-సుర్-ఓజోన్. ఈ ఊళ్ళో సీసాలు రెండూ నింపుకోండి, ఏదైనా తినండి, ఎందుకంటే దీని తర్వాత చాలా దూరం ఊరే లేదు. ఊరు దాటగానే డి942 రోడ్డు లోయ అంచు పట్టుకుని మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. దాదాపు ఇరవై కిలోమీటర్లు, ఎక్కుడు ఎక్కడా రెండు మూడు శాతం (అంటే వంద మీటర్ల దూరానికి రెండు మూడు మీటర్లు పైకి) దాటినట్టు ఉండదు. ఒక పక్క కొండ గోడ, రెండో పక్క పిట్టగోడ, దాని అవతల వందల మీటర్ల లోతు. సో వైపు వెళ్ళే లారీలు, తొందరున్న కార్లు అన్నీ డి1 రోడ్డు మీద వేరే కనుమ దాటి పోతాయి కాబట్టి లోయ రోడ్డు మనకీ, మోటారు సైకిళ్ళకీ మిగిలింది. కింద నెస్క్ నది ఉంటుందని వెతకకండి, వేసవిలో చాలా చోట్ల నీళ్ళు భూమి పైన కనిపించవు. మన సీమ ఏరులకి చుట్టమే.

ఈ రోడ్డు మీద ఒక మోసం ఉంది. రెండు శాతం ఎక్కుడు కంటికి తెలియదు, చదునుగానే ఉందనిపిస్తుంది. స్పీడు మాత్రం పద్దెనిమిది దాటదు. కాళ్ళకేమైందో, టైరులో గాలి పోయిందో అని టెన్షన్ పడతారు. నేనూ దిగి టైరు నొక్కి చూశాను. ఏమీ కాలేదు, పెద్ద గేరు వేసి గుంజుకోకండి, తేలిక గేరులో కాళ్ళు తిప్పుతూ పోండి. మధ్యలో రాయి తొలిచిన చిన్న సొరంగాలు వస్తాయి, లోపల ఒక్క క్షణం ఏమీ కనిపించదు, వెనక లైటు వేసి ఉంచండి. పైన కాస్తెల్లరాస్ అనే చోట 734 మీటర్ల ఎత్తులో లోయలోకి చూసే వేదిక ఉంది. ఎదురుగా కనిపించే నిట్టనిలువు బండ పేరు రొషే ద్యు సీర్, అంటే మైనపు బండ. ఎత్తు 872 మీటర్లు. ఆ గోడలో తేనెపట్టులు ఉండేవట, తాళ్ళు కట్టుకుని దిగి తీసేవాళ్ళట. మన నల్లమలలో చెంచులు తేనె తీసే పద్ధతి చూసినవాళ్ళకి ఆ కథ కొత్తగా ఉండదు.

అక్కణ్ణుంచి మొన్యో మీదుగా సో చేరతారు. ఈ రాత్రి సో ఊళ్ళోనే పడుకోండి. మీరు ఊరూరా మకాం మార్చాలన్నారు కదా, ఈ ఒక్క రాత్రికి ఆ కోరిక తీర్చుకోండి. పెద్ద బ్యాగు మాలోసెన్‌లోనే వదిలి, సీటు వెనక చిన్న సంచిలో ఒక జత బట్టలు, ఛార్జర్ చాలు.

ఆ ఊళ్ళో పడుకోమనడానికి అసలు కారణం వేరే ఉంది. సో ఊరు గట్టు మీద, ఏడు వందల మీటర్లకి పైన ఉంటుంది. కింద లావెండర్ పొలాలు. ఇక్కడి పూత కింది ఊళ్ళ కంటే ఆలస్యం, కాబట్టి మీరు జూన్ మొదట్లో వస్తే ఊదా రంగు ఆశించకండి, నెలాఖరుకి మొదలై జూలైలో బావుంటుంది. నాలుగో రోజు పొద్దున్నే లేచి కిటికీ తెరిచి చూస్తే, మీ ముందు రెండు దారులుంటాయి.

గాలి లేకపోతే పైకి. సో నుంచి వెంటూ 26 కిలోమీటర్లు, ఎక్కేది 1,200 మీటర్ల చిల్లర. మూడు దారుల్లో మెత్తనిది ఇదే. మొదట కొంచెం దిగి, లావెండర్ చేల మధ్య నుంచి ఎక్కి, అడవిలోకి పోతుంది. నాలుగైదు శాతం, షాలే రెనార్ చేరే ముందు దాదాపు చదును. అక్కడ బెద్వాన్ రోడ్డు కలుస్తుంది, చివరి ఆరు కిలోమీటర్లు అందరికీ ఒకటే. ఆ ఆరు మాత్రం గట్టివే, ఏడెనిమిది శాతం, చివరి మలుపు ఇంకా ఎక్కువ. శిఖరం నుంచి అవతలి వైపు మాలోసెన్‌కి దిగిపోండి.

గాలి ఉంటే కొండ చుట్టూ. సో నుంచి ఒరెల్, మోంబ్రన్-లె-బేన్ మీదుగా వెంటూ ఉత్తరం వైపు దిగి, తులురాన్ అనే ఏటి లోయ వెంట మాలోసెన్ చేరండి. 50 కిలోమీటర్ల దగ్గర. ఎదురుగాలి ముఖాన కొడుతుంది, నిజమే, తిట్టుకుంటారు. కానీ ఇక్కడ గాలి మనిషిని అలసిపోయేలా చేస్తుందంతే, పైన అయితే రోడ్డు మీద నుంచి తోసేస్తుంది.

ఏది చేసినా ఐదో రోజుకి రెండోది మిగులుతుంది. ఇదే ఈ ప్లాన్‌లో కిటుకు. నాలుగో రోజు పైకి వెళ్ళి ఉంటే ఐదో రోజు తులురాన్ లోయ: మాలోసెన్ నుంచి వో కనుమ మీదుగా ఏటి గట్టుకి దిగి, మోంబ్రన్ దాకా వెళ్ళి, తిరుగుదారిలో ఎయిర్, ఫొంతోబ్ కనుమలు (రెండూ 630 మీటర్ల ప్రాంతం) దాటి బ్వీ-లె-బారొనీ మీదుగా ఇంటికి. దారిలో బ్రాంత్ అనే ఊరు కొండకి గబ్బిలంలా వేలాడుతూ ఉంటుంది. అక్కణ్ణుంచి ఎదురుగా వెంటూ ఉత్తరపు గోడ. దక్షిణం నుంచి చూస్తే ఆ కొండ పడుకున్న గేదెలా సాదాగా ఉంటుంది, ఇక్కణ్ణుంచి చూస్తేనే దాని అసలు రూపం తెలుస్తుంది. నాలుగో రోజు గాలికి ఆగిపోయి ఉంటే, ఐదో రోజు గాలి తగ్గితే, మాలోసెన్ నుంచే ఎక్కొచ్చు. అది 21 కిలోమీటర్లు, బెద్వాన్ దారంత కష్టమే, కాకపోతే మధ్య మధ్యలో ఊపిరి తీసుకోనిస్తుంది. గాలి తగ్గకపోతే వెంటూ ఈసారికి లేదు. రాత్రి రైలెక్కండి.

"అందరూ బెద్వాన్ నుంచే ఎక్కుతారు కదా, నేనెందుకు తేలిక దారి" అంటారేమో. మీ ఇష్టం. ఆ దారి ఎలా ఉంటుందో చెబుతాను, తర్వాత నిర్ణయించుకోండి. మొత్తం 21.5 కిలోమీటర్లు. మొదటి ఐదారు కిలోమీటర్లు ద్రాక్ష తోటల మధ్య నాలుగైదు శాతం. ఇంతేనా అనుకుని అందరూ ఇక్కడే కాళ్ళు ఖర్చుపెట్టేస్తారు. సెంత్ ఎస్తేవ్ దగ్గర ఎడమకి ఒక మలుపు. ఆ తర్వాత దాదాపు పది కిలోమీటర్లు అడవి, తొమ్మిది శాతం, ఎక్కడా తెరిపి లేదు. హెయిర్‌పిన్ మలుపులుంటే మలుపు దగ్గర కాస్త చదును దొరుకుతుంది, ఇక్కడ అవి కూడా పెద్దగా లేవు. ఎండ రోజుల్లో చెట్ల మధ్య గాలి ఆడదు, ఈగలు ముఖం చుట్టూ తిరుగుతాయి. వాటికంటే స్పీడుగా వెళ్ళలేం కాబట్టి అవి షాలే రెనార్ దాకా తోడొస్తాయి. కిలోమీటరుకో రాయి ఉంటుంది, రాబోయే కిలోమీటరు సగటు శాతం దాని మీద రాసి ఉంటుంది. కొందరికి అది ధైర్యం. నేను చూడను.

ఆ అడవి చాలావరకు మనుషులు నాటిందే. ఓడల కలప కోసం, బొగ్గు కోసం, మేకల మేత కోసం శతాబ్దాల పాటు కొండని బోడి చేశారు, 1860ల నుంచి తిరిగి నాటారు. ఆల్జీరియా అట్లాస్ పర్వతాల దేవదారు విత్తనాలు తెచ్చి వేసినవి కూడా అందులో ఉన్నాయి. నాటడం పైదాకా వెళ్ళలేదు, అందుకే చివరి ఆరు కిలోమీటర్లు తెల్ల సున్నపురాయి గుట్టలే. దూరం నుంచి చూస్తే జూలైలో కూడా మంచు పడినట్టుంటుంది. శిఖరానికి సుమారు కిలోమీటరున్నర ముందు కుడిపక్క టామ్ సింప్సన్ స్మారకం. బ్రిటిష్ రేసర్, 1967 జూలై 13న టూర్‌లో ఈ రోడ్డు మీదే కుప్పకూలి చనిపోయాడు. మండే ఎండ, ఒంట్లో నీళ్ళు లేకపోవడం, మద్యం, ఉత్తేజకాల మాత్రలు. జనం అక్కడ నీళ్ళ సీసాలు, టోపీలు పెట్టి పోతారు. ఎక్కేటప్పుడు ఆగాలనిపించదు, మళ్ళీ మొదలుపెట్టడం కష్టం. దిగేటప్పుడు ఆగండి.

ఒకే రోజు మూడు ఊళ్ళ నుంచీ మూడుసార్లు ఎక్కేవాళ్ళకి ఒక క్లబ్బుంది. 1988లో పెట్టారు. కార్డు కొనుక్కుని ఊరూరా స్టాంపు వేయించుకోవాలి. పేరు "వెంటూ పిచ్చోళ్ళ క్లబ్బు", నేను వెటకారం చేయట్లేదు, ఫ్రెంచ్‌లో పేరే అది. ఆ సంగతి ఇంకో ఏడాది అడగండి.

గేర్ల సంగతి. ముందు 50/34, వెనక 11-28 పళ్ళ చక్రాలు ఉన్నాయన్నారు. లెక్క వేద్దాం. మీరు 65 కిలోలు, సైకిలు, నీళ్ళు కలిపి పది. తొమ్మిది శాతం ఎక్కుడు మీద గంటకి 8 కిలోమీటర్లు పోవాలంటే దాదాపు 160 వాట్లు తొక్కాలి, మీ అలవాటుకి ఇది గంటా రెండు గంటలు పట్టగలిగేదే. 34కి 28 పళ్ళతో ఆ స్పీడుకి పెడల్ నిమిషానికి 52 సార్లు తిరుగుతుంది. మోకాళ్ళతో గుంజుతున్నట్టే. 34కి 34 వేస్తే 63 అవుతుంది. కాగితం మీద పదకొండు చుట్లే తేడా, పదో కిలోమీటరు దగ్గర అదే దిగి నడవడానికీ, నడవకపోవడానికీ తేడా. వెనక 32 లేదా 34 పళ్ళది తప్పనిసరి అని అద్దె షాపుకి మెయిల్‌లోనే రాయండి. నా మిత్రుడికి ఒకచోట ఫోన్లో "కొండ గేర్లే" అని చెప్పి, తీరా చూస్తే 25 పళ్ళ క్యాసెట్ (వెనక గేరు చక్రాల కట్ట) అంటగట్టారు. పళ్ళు లెక్కపెట్టి మరీ తీసుకోండి.

దీంతో మీ చివరి ప్రశ్నకీ జవాబు వచ్చేసింది. ఐదు రోజులకి సైకిల్ మోసుకురావద్దు. విమానంలో పెట్టె, టీజీవీలో చక్రాలు విప్పి సంచి, పారిస్ హోటల్లో ఎక్కడ పెట్టాలో తెలియదు. మీ పెడల్స్, బూట్లు, హెల్మెట్ మాత్రం తెచ్చుకోండి. అద్దె సైకిల్‌కి డిస్క్ బ్రేకులుండేలా చూసుకోండి. ఇంకొకటి, ఫ్రాన్సులో ఎడమ చేతి బ్రేకు ముందు చక్రానికి. మీ సైకిల్‌కి ఎలా ఉందో చూసుకుని రండి, తిరగబడి ఉంటే మొదటి సాయంత్రం ఖాళీ రోడ్డు మీద చేతులకి అలవాటు చేయండి.

రోడ్ల మీద కుడివైపు నడపాలని తెలిసిందే. తెలియనిది "కుడివాడికి ముందు" అనే నియమం. వేరే బోర్డు లేని కూడలిలో, ముఖ్యంగా ఊళ్ళలో, కుడిపక్క చిన్న సందులోంచి వచ్చే కారుకి మీకంటే ముందు హక్కు ఉంటుంది, మీరు పెద్ద రోడ్డు మీదున్నా సరే. వాడు ఆగడు, చూడడు, ఆగాల్సిన అవసరమూ లేదు. ఊరి బయట కారు మిమ్మల్ని దాటేటప్పుడు మీటరున్నర ఎడం ఇవ్వాలని చట్టం, మనవాళ్ళకి నమ్మశక్యం కాదు గానీ చాలామంది ఇస్తారు. "గ్రావియోన్" అన్న బోర్డు కనిపిస్తే స్పీడు తగ్గించండి. వేసవిలో రోడ్డు మీద తారు పూసి పైన కంకర చల్లి వదిలేస్తారు, మలుపులో జారితే మోచెయ్యి చెక్కుకుపోతుంది. మ్యాపు కావాలంటే కాగితం మ్యాపే కొనండి, మిషెలిన్ 332 నంబరు. రోడ్డు పక్క పచ్చ గీత ఉంటే అందమైన దారి, రోడ్డు మీద బాణం గుర్తులుంటే ఎక్కుడు: ఒకటుంటే ఐదు నుంచి తొమ్మిది శాతం, రెండుంటే పదమూడు దాకా. ఫోన్ యాప్ దగ్గరి దారి చూపిస్తుంది. దగ్గరి దారి ఇక్కడ ఎప్పుడూ మంచి దారి కాదు.

తిండి. శాకాహారికి ఆకలి చావు లేదు గానీ టైము తప్పితే ఉంది. హోటల్ వంటగది మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానే. రెండుంపావుకి వెళ్తే కాఫీ ఇస్తారు, జాలి చూపిస్తారు, అన్నం పెట్టరు. బేకరీలు వారంలో ఒక రోజు మూసేస్తారు, చాలా చోట్ల సోమవారం. ఆలివ్ నూరిన తపెనాద్ చూడటానికి శాకాహారంలా ఉంటుంది, అందులో సాధారణంగా ఆంకోవీ చేపలుంటాయి. ఫుగాస్ అనే రొట్టెలో ఆలివ్‌ది బావుంటుంది, "లార్దోన్" అని ఉంటే పంది మాంసం ముక్కలు. మేక చీజ్, రాతాతూయ్ అనే కూరగాయల కూర, ఆమ్లెట్ ఎక్కడైనా దొరుకుతాయి. చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి చాలావాటిలో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు, మీరు అంత పట్టింపు గలవారైతే అడగండి. జూన్‌లో కొండ కింద చెర్రీలు, రోడ్డు పక్కనే బుట్టల్లో అమ్ముతారు. జేబులోకి నేను పల్లీ చిక్కీ వాడతాను, హైదరాబాద్ నుంచి రెండు ప్యాకెట్లు పడేసుకోండి. నెయ్యి, పాల మిఠాయిలు తేవద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు ఇక్కడ రానివ్వరు. నీళ్ళకి ఊరి కూడలిలో కొళాయి చూడండి, "నోన్ పొతాబ్ల్" అని రాసుంటే తాగేవి కావు. ఏ ఊళ్ళోనూ దొరక్కపోతే శ్మశానంలో కొళాయి ఉంటుంది. పూల మొక్కలకి పోయడానికి పెట్టింది, ఇక్కడి సైకిల్‌వాళ్ళందరికీ తెలిసిన రహస్యం. కొట్లోకి అడుగు పెట్టగానే "బోంజూర్" అనడం మర్చిపోవద్దు. అది అనకుండా ఏదడిగినా జవాబు పొడిగా వస్తుంది.

ఇంకొక్కటి, ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కింద 28 డిగ్రీలుంటే వెంటూ పైన 18 ఉంటుంది, దానికి గాలి తోడు. మీరు చెమటతో తడిసి ఉంటారు. వెనకాల మాలోసెన్ వైపు 21 కిలోమీటర్ల దిగుడు, తొక్కే పనే లేదు, ఒళ్ళు వేడెక్కదు. వేళ్ళు కొంకర్లు పోతే బ్రేకు నొక్కలేరు. పల్చటి గాలి జాకెట్, వేళ్ళు మూసే గ్లవ్స్ జేబులో ఉండాల్సిందే. పైనే వేసుకుని, జిప్పు మెడ దాకా పెట్టుకుని అప్పుడు దిగండి. ఆ వైపు రోడ్డు వెడల్పు, తిన్నగా ఉంటుంది, మీకు తెలియకుండానే స్పీడు డెబ్భై దాటుతుంది. బ్రేకు నొక్కిపట్టి ఉంచకండి, మలుపుకి ముందు గట్టిగా నొక్కి వదలండి. దారిలో మోంట్ సెరాన్ అనే చోట ఒకసారి ఆగి చేతులు దులుపుకోండి.

మీ తేదీలు జూన్ మూడో వారంలో పడితే రాయండి. లియోన్ నుంచి ఒక రాత్రికి సో దాకా నేనూ వస్తాను. పొద్దున కిటికీ తెరిచాక పైకా, చుట్టూనా అన్నది ఇద్దరం కలిసి తేల్చుకుందాం.